టైలర్ ఎంట్రీ

మా యూనివర్సిటీలో ఎవరికీ పట్టని పని ఏదైనా ఉంటే అది తిరిగి తిరిగి నా బల్ల మీదికే వస్తుంది. నేను చెప్పేది లెక్కలు. లెక్కలకీ దేశదేశాల పాటలకీ సినిమాలకీ ఏం చుట్టరికమో నాకు ఇప్పటికీ తెలియదు. కల్చరల్ కమిటీకి ఒక మనిషి కావాలని మీటింగులో అడిగినప్పుడు అందరూ తలలు వంచుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. నేనొక్కదాన్నే తలెత్తి, తిరగని ఫ్యాను వైపు చూస్తున్నాను. "మేడం ఒప్పుకున్నారు" అన్నారు. అంతే, అప్పటి నుంచి నేనే ఇన్‌చార్జిని.

చలి తగ్గి ఎండ ఇంకా ముదరని రోజుల్లో మా క్యాంపస్‌లో ఆ పండగ జరుగుతుంది. బ్యానర్ మీద దానికి బారెడు పేరుంది గానీ పిల్లలు మాత్రం "జాతర" అంటారు. పగలంతా స్టాళ్ళు. నేపాల్ పిల్లల మోమోలు ప్రారంభోత్సవం కాకముందే అయిపోతాయి. శ్రీలంక అమ్మాయిలు వాళ్ళ చీరకట్టు నేర్పుతారు. మణిపూర్ డోలుకీ మా డప్పుకీ మధ్యాహ్నం దాకా పోటీ నడుస్తుంది. ఎవరో ఒకరు ప్రతి ఏడూ సకినాన్ని చాయ్‌లో నానబెట్టుకుని తిని, తినవలసిన పద్ధతి ఇదేనని మాకే పాఠం చెబుతారు. సాయంత్రాలు ఆడిటోరియంలో పిల్లలు తీసిన చిన్న సినిమాలు వేస్తాం. బాగున్నవాటిని ముందే ఎంచి ముగింపు రోజున మళ్ళీ వేస్తాం. ఆ ఆట ఇంట్లో వాళ్ళ కోసం. దగ్గరి వాళ్ళు వచ్చి కూర్చుంటారు, దూరపు వాళ్ళు వీడియో కాల్‌లో చూస్తారు.

తిండి, బట్ట, ఆట. ఈ మూడూ తెలిస్తే మనిషి తెలిసిపోయినట్టే అనుకుంటాం కాబోలు, పండగంతా వాటితోనే నిండిపోతుంది. ఒకరి టోపీ ఒకరు పెట్టుకుని ఫోటో దిగి, ప్రపంచమంతా ఒకటే అని తీర్మానించేసి హాస్టళ్ళకి పోతారు. నేనూ చప్పట్లు కొట్టిన దాన్నే. ఆ టైలర్ సినిమా వచ్చేదాకా నాకూ ఆ తీర్మానం మీద పెద్ద అనుమానాలు లేవు.

ఆ సినిమా తీసిన అమ్మాయిది టాంజానియా. మా దగ్గర బోటనీ చదువుతోంది. ఆమె రూమ్మేటుది రఘునాథపల్లి, పత్తి పండించే ఇల్లు. తెలుగంతా ఆ రూమ్మేటు దగ్గరే నేర్చుకుంది కాబట్టి, కళ్ళు మూసుకుని ఆమె మాట వింటే రఘునాథపల్లి బస్టాండులో నిలబడ్డట్టే ఉంటుంది. తన గదిలోని తెలుగే తెలుగనుకునే పిల్ల. ఒకసారి టీవీలో వార్తలు విని, "ఈమె ఏ దేశపామె మేడం, తెలుగు మంచిగనే నేర్చుకుంది" అంది.

సెలవులకి ఇంటికి పోయినప్పుడు వాళ్ళ నాన్న మీద ఫోనుతో సినిమా తీసుకొచ్చింది. ఆయన టైలరు. ఒక దుకాణం అరుగు మీద కాలి మెషిన్ పెట్టుకుని స్కూలు పిల్లల బట్టలు కుడతాడు. బాగా మొహమాటస్థుడట. ఫోను ఎత్తితే చాలు, అటు తిరిగి కూర్చునేవాడట. అందుకని ఆమె నేల మీద కూర్చుని ముందు ఆయన కాళ్ళు తీసింది. కాళ్ళకి సిగ్గుండదు కదా. కొన్నాళ్ళకి చేతులు తియ్యనిచ్చాడు, ఆ తర్వాత వీపు. సెలవులు అయిపోవచ్చేసరికి ఫోను సంగతే మరిచిపోయాడు, అప్పుడు ముఖం దొరికింది. సినిమా కూడా అదే వరసలో కూర్చింది. పెన్‌డ్రైవ్ నా చేతిలో పెడుతూ ఇదంతా ఆమే చెప్పింది. "మా నాన్నను ఇప్పటిదాక ఎవ్వలు సూడలే మేడం. అందరు ఆయన కుట్టిన బట్టలే సూసిండ్రు" అంది.

మొదటి సాయంత్రమే ఆ సినిమా పడింది. ఆడిటోరియం నిండింది. వెనక వరసల్లో ఇంజినీరింగ్, డిగ్రీ పిల్లలు, ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళే. అందరి చేతుల్లో ఆ రోజు పంచిన బ్రోషర్లున్నాయి. బ్రోషర్ మీద ప్రతి సినిమాకీ ఒక బొమ్మ వేయించాం, ఈ టైలర్ ముఖం కూడా ఉంది.

తెర చీకటి. మెషిన్ చప్పుడు మాత్రం వినిపిస్తోంది. తర్వాత ఒక పాదం, అరిగిన చెప్పు, మెషిన్ కింద పెడల్‌ని నొక్కుతోంది. వెనకాల ఎవరో చిన్నగా ఈల వేశారు. తర్వాత చెయ్యి వచ్చింది, చక్రాన్ని ఒక్క విసురుతో తిప్పి ఆపింది. ఈలలు నాలుగైదయ్యాయి. అటు తిరిగిన వీపు. మెడలో వేలాడుతున్న టేపుని ఆయన అందుకుని, కండువా సర్దుకున్నట్టు భుజం మీదికి వేసుకున్నాడు. హాలు లేచి నిలబడింది. ఆయన మెల్లగా ఇటు తిరిగి, దారాన్ని పళ్ళతో కొరికి తెంపాడు. ముఖం కనిపించిందో లేదో, ఆడిటోరియం ఒక్క కేక పెట్టింది. బ్రోషర్లు చింపి ఆ ముక్కలు గుప్పిళ్ళతో పైకి విసిరారు. ప్రొజెక్టర్ వెలుగులో అవి ఎగిరి ఎగిరి ఆయన ముఖం మీదుగా కిందికి రాలాయి.

నేను ఇక్కడే, వరంగల్ మట్టెవాడలో పుట్టి పెరిగిన దాన్ని. నాకు ఏం జరుగుతోందో వెంటనే అర్థమైంది, నవ్వు కూడా వచ్చింది. నవ్వుతూనే ముందు వరస వైపు చూశాను. ఆమె కుర్చీ ఖాళీగా ఉంది.

ఆడిటోరియం వెనక మంచినీళ్ళ కూలర్ దగ్గర గోడకి ఆనుకుని ఏడుస్తోంది. నన్ను చూసి అరచెయ్యి చాపింది. చేతిలో ఒక కాగితం ముక్క. వాళ్ళ నాన్న ముఖంలో సగం, ఒక చెవి, మెడలో టేపు కొంచెం.

"మా నాన్న మీద చెత్త ఏసిండ్రు మేడం. ఆయన ముఖం చింపి ఏసిండ్రు. ఆయన ఏం జేసిండు వీళ్ళకు? బట్టలు కుట్టిండు, గంతే."

అది చెత్త కాదమ్మా, అభిమానమమ్మా అన్నాను. ఆ మాట నాకే తేలిగ్గా వినిపించింది. చినిగిన ముఖాన్ని చేతిలో పట్టుకున్న బిడ్డకి అభిమానం గురించి ఏం చెబుతాం?

"ఆఖరి రోజు నా సినిమా ఎయ్యకుండ్రి. నాన్నకు ఇక్కడ కరెంటు పోయిందని చెప్త" అంది.

ముగింపు రోజు ఆయన వీడియో కాల్‌లోకి వస్తాడని ముందే అనుకున్నాం. ఆ సంగతి ఆయన అప్పటికే వీధి వీధంతా చెప్పుకున్నాడట. ఆ రోజుకి తన కోసం ఒక తెల్ల చొక్కా కుట్టుకున్నాడట. ఊరందరికీ కుట్టే మనిషి తనకని కుట్టుకోవడం ఎన్నడూ చూడలేదని ఆమె చెప్పింది. ఆ చొక్కా వేసుకుని కూర్చున్న మనిషికి కరెంటు పోయిందని చెప్పాలి. అది నాకు బొత్తిగా మింగుడుపడలేదు.

మర్నాడు పొద్దున్నే వెనక వరసల పిల్లల్ని పిలిపించి దులిపేశాను. "పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే" అని మొదలుపెట్టి, నా కోపం చల్లారేదాకా తిట్టాను. వాళ్ళు బిత్తరపోయారు. చివరికి ఒకడు నోరు తెరిచాడు.

"మేడం, మేం మస్తు ఇజ్జత్ ఇచ్చినం మేడం. అది ఎంట్రీ."

"ఎంట్రీ ఏందిరా? ఆయన టైలరు."

"టైలరైతే ఏంది మేడం? ముందుగాల కాలు సూపెట్టింది. ఎనుకనే చెయ్యి. గా టేపు కండువ లెక్క భుజం మీదికి ఏసుకునుడు సూసినంక ఎవడాగుతడు? మా హీరోకు గూడ అంత మంచి ఎంట్రీ పెట్టలే ఎవ్వలు. ఆమె కావాలనే గట్ల తీసిందనుకున్నం."

"మరి బ్రోషర్ ఎందుకు చింపిండ్రు? ఆయన ముఖం ఉన్నది గదా దాని మీద."

"చేతిల గదే ఉన్నది మేడం" అన్నాడు, తల వంచుకుని. ఆ సాయంత్రం అంతా కలిసి లేడీస్ హాస్టల్ గేటు దగ్గరికి పోయి సారీ చెబుతామని నిలబడ్డారు. ఆమె కిందికి రాలేదు.

రూమ్మేటు తన ప్రయత్నం తను చేసింది. నా ముందే చెప్పింది. "మేడారం జాతరల గద్దెల కాడికి పోలేనోళ్ళు ఏం జేత్తరు? దూరం నుంచే బెల్లం ఇసుర్తరు. దాన్ని బెల్లం అనం, బంగారం అంటం. కొబ్బరికాయ అచ్చి నెత్తి మీద పడ్డా కోపం జెయ్యరు. ఇదీ గంతే అక్కా."

"బెల్లం తినేది అక్కా. ఇది చింపిన కాగితం" అంది ఆమె.

ఆ రాత్రి పడుకోబోతూ అదే ఆలోచించాను. ఏళ్ళ తరబడి ఈ పండగ నడుపుతున్నాను. టాంజానియా వాళ్ళు ఏం తింటారో, ఏం కడతారో, ఎలా ఆడతారో పేజీల కొద్దీ రాయగలను. ఒక మనిషిని గొప్పవాడని అనాలంటే వాళ్ళు ఏం చేస్తారో మాత్రం ఎప్పుడూ అడగలేదు. మన వాళ్ళు ఏం చేస్తారో వాళ్ళకి చెప్పనూ లేదు. రెండేళ్ళుగా వరంగల్‌లో ఉన్న పిల్ల తెలుగు సినిమాలన్నీ గదిలో, లాప్‌టాప్ మీద చూసింది. హాల్లో ఏం జరుగుతుందో ఆమెకి ఎలా తెలుస్తుంది?

అదృష్టం బాగుండి మర్నాడే ఒక పెద్ద హీరో సినిమా విడుదల. ఏ హీరోనో చెప్పను, చెబితే సగంమంది పాఠకులు నాతో తగువుకి దిగుతారు. "ఒక్క సినిమా చూడు, తర్వాత నీ ఇష్టం" అని ఆమెని బతిమాలి ఒక పాత హాల్లో పొద్దుటి ఆటకి తీసుకుపోయాను.

చిన్నప్పుడు అమ్మతో ఇలాంటి హాళ్ళకే వెళ్ళేదాన్ని. ఆడవాళ్ళం ఒక పక్కన కూర్చునేవాళ్ళం. హీరో రాగానే మగవాళ్ళు విసిరిన కాగితాలు మా మీదే రాలేవి. అమ్మ గొణుక్కుంటూ నా జడలోంచి ఒక్కొక్కటి ఏరేది. విసిరే హక్కు ఆ పక్క వాళ్ళది, దులుపుకునే పని ఈ పక్క వాళ్ళది. నాకూ విసరాలని ఉండేది. ఆ మాట అమ్మతో ఎన్నడూ అనలేదు.

మా పక్క సీటులో ఒక పెద్దాయన కూర్చున్నాడు. మిషన్ మగ్గాల మీద రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా మీద నూలు పొట్టు ఇంకా అంటుకుని ఉంది. ఒళ్ళో పాత పేపరు పెట్టుకుని సన్నగా, ఓపికగా చింపుతున్నాడు. మా చేతులు ఖాళీగా ఉండటం చూసి తలా ఒక గుప్పెడు ఇచ్చాడు.

"పట్టుకోండ్రి బిడ్డా, ఎంట్రీకి అక్కరొస్తయి."

"ఎందుకు ఎయ్యాలె పెద్దనాయనా?" అని మా పిల్ల అడిగింది.

ఆమె నోట ఆ తెలుగు విని ఆయన ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత మామూలుగానే జవాబు చెప్పాడు. "మనకు నచ్చినోడు అత్తాంటే ఒట్టి చేతులతోని కూసుంటమా? ఆయన కాడికైతే పోలేం. మన చేతిలది ఏదో ఒకటి ఆయన దాక పోవాలె గదా."

దీపాలు ఆరాయి. కాసేపటికి తెర మీద జీపు ఆగింది. తలుపు తెరుచుకుంది. ఒక బూటు కాలు నేల మీద పడింది. చీకట్లో ఆమె చెయ్యి నా మణికట్టుని గట్టిగా పట్టుకుంది.

"మేడం, కాలు" అంది.

తర్వాత చెయ్యి వచ్చింది, తర్వాత వీపు. ఒక్కొక్కటి వస్తున్న కొద్దీ ఆమె పట్టు బిగుసుకుంది. ముఖం రాగానే హాలంతా కాగితాలు. ఆమె తెర వైపు చూడటం లేదు, పక్కనున్న పెద్దాయన్ని చూస్తోంది. ఆయన లేచి నిలబడి రెండు చేతులా విసురుతున్నాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి. రాత్రంతా మగ్గం చప్పుడులో నిలబడిన మనిషి, అంత అలసటలో అంత సంతోషం. ఆమె మాత్రం విసరలేదు. పిడికిట్లో కాగితాలు అలాగే పట్టుకుని కూర్చుంది. ఆట అయ్యాక వాటిని బ్యాగులో వేసుకుంది.

తిరుగు దారిలో, ఆటోలో బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "పెద్దనాయనకు ఆ హీరో ఏమైతడు మేడం?" అంది ఉన్నట్టుండి.

"ఏం కాడు."

"ఏం గాకుంటనే గట్ల ఏడ్చిండా?"

హాస్టల్ గేటు దగ్గర దిగి, "సినిమా ఎయ్యుండ్రి మేడం. కని ఎవ్వలు ఏం ఇసరద్దు, ఈల ఎయ్యద్దు. నాకు జర సమజైంది. మా నాన్నకు సమజ్ గాదు గదా" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అలాగే అని మాటిచ్చాను.

మాట నిలబెట్టుకోవడంలో నేను లెక్కల మేడంనే. ముగింపు రోజు ఆడిటోరియం గుమ్మంలో నిలబడి లోపలికి పోయే ప్రతివాడి చేతిలోంచీ కాగితాలు లాగేసుకున్నాను. వెనక వరసల పిల్లలు బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చున్నారు. రూమ్మేటు ముందు వరసలో ఫోను పైకెత్తి తెరవైపు తిప్పి పట్టుకుంది. ఫోనులో ఆయన కనిపిస్తున్నాడు. అదే అరుగు, అదే మెషిన్, కొత్త తెల్ల చొక్కా. అలవాటు కొద్దీ మెడలో టేపు. వెనక వీధి వాళ్ళు నలుగురైదుగురు తలలు పెట్టి తొంగి చూస్తున్నారు.

సినిమా మొదలైంది. మెషిన్ చప్పుడు వచ్చింది. పాదం వచ్చింది. ఎవరూ కదల్లేదు. చెయ్యి చక్రాన్ని తిప్పింది. ఒక్క దగ్గు కూడా వినపడలేదు. నేను కోరి తెచ్చుకున్న నిశ్శబ్దమే. కానీ పరీక్ష హాల్లో ఉన్నట్టుంది, మొన్న అంత హడావుడిగా నడిచొచ్చిన మనిషి ఇవాళ ఎవరింటికో పిలవకుండా వచ్చినట్టున్నాడు. టేపు భుజం మీదికి వేసుకున్నాడు. వెనకాల ఒక పిల్లవాడు ఈల రాకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన ఇటు తిరిగాడు. ముఖం అంత పెద్ద తెర నిండా వచ్చింది. హాలంతా చూస్తోంది, హాలంతా ఊరుకుంది.

ఆ ఊరుకోవడాన్ని ఆమె తట్టుకోలేకపోయింది. ఫోను వైపు చూసింది, తెర వైపు చూసింది, మమ్మల్నందరినీ వెనక్కి తిరిగి చూసింది. బ్యాగు తెరిచి, పెద్దాయన ఇచ్చిన కాగితాలు పిడికిలినిండా తీసి లేచి నిలబడింది. "బాబా!" అని అరిచింది. వాళ్ళ భాషలో బాబా అంటే నాన్న. అరుస్తూనే విసిరింది. విసరడం చేతకాక అవి తెర దాకా పోలేదు, ముందు వరసలో రిజిస్ట్రార్ గారి నెత్తి మీద పడ్డాయి.

వెనక వరసల పిల్లలందరూ నా వైపు చూశారు. నా మాట కోసం ఆగారు. నా చేతిలో నేను చదవవలసిన వందన సమర్పణ కాగితం ఉంది. వచ్చిన పెద్దలందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. దాన్ని నాలుగు ముక్కలు చేసి, ఎనిమిది చేసి, నా వయసంతా మరిచిపోయి పైకి విసిరాను.

ఇక ఎవరూ ఆగలేదు. కాగితాలన్నీ నేనే లాగేసుకున్నాను కాబట్టి టోపీలు, రుమాళ్ళు, చున్నీలు ఎగిరాయి. ఈలలతో చెవులు చిల్లులు పడ్డాయి. ఆమె ఏడుస్తూ, నవ్వుతూ, వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేయబోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

ఫోనులో ఆయన లేచి నిలబడ్డాడు. భయపడ్డాడేమో అనుకుని నేను ముందు వరసకి పరుగెత్తాను. వెనక వీధి వాళ్ళు ఏదేదో అడుగుతున్నారు. ఆయన మెడలో టేపుని సర్దుకున్నాడు, రెండు కొసలూ సమంగా ఉన్నాయా లేదా అని చూసుకున్నాడు. తర్వాత ఫోను దగ్గరికి వంగి కూతుర్ని ఒక మాట అడిగాడు. ఆమె జవాబు చెప్పింది. ఆయన నవ్వాడు.

"ఏమన్నడు?" అని అడిగాను ఆ గోలలోనే, ఆమె చెవి దగ్గర.

"ఇదంతా ఎవలు ఊడుస్తరని అడిగిండు మేడం. ఆయన దుకాణంల గుడ్డ పీలికలు చిన్నప్పటి నుంచి నేనే గద ఊడ్చేది."

"మరి నువ్వేమన్నవ్?"

"నేనే ఊడుస్త అన్న" అంది, జుట్టులో ఇరుక్కున్న ముక్క ఒకటి తీసి చూసుకుంటూ. "చెత్త గాదు నాన్నా, నీ ఎంట్రీకి ఏసిన కాగితాలు అన్న."